వేడి ఎటు పోతుంది?

మా నాన్నకి ఒక పాత రెండు స్ట్రోకుల మోటారు సైకిలు ఉండేది. ఏ కంపెనీదో ఎందుకులెండి, ఆ రోజుల్లో అన్నీ దాదాపు ఒకేలా ఉండేవి. ఒక మే నెలలో శ్రీశైలం వెళ్ళి, ఘాట్ దిగి దోర్నాల వైపు వస్తున్నాం. వెనక నేను, మధ్యలో ఒక సంచీ. దిగుడు కదా అని నాన్న యాక్సిలరేటర్ మూసేసి, గేరులోనే బండిని వదిలేశాడు. ఉన్నట్టుండి కీచుమని చప్పుడు, వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకి జారింది. నాన్న ఎడమచేయి దానంతటదే క్లచ్ పట్టుకుంది కాబట్టి ఇవాళ ఈ వ్యాసం రాస్తున్నాను.

చెట్టు కింద అరగంట కూర్చున్నాం. తరవాత కిక్ కొడితే కదిలింది. మర్నాడు మార్కాపురంలో మెకానిక్ బోరు విప్పి చూపించాడు. పిస్టన్ పక్కన నిలువు గీతలు, గోళ్ళతో రక్కినట్టు. "వేడికి పట్టేసింది మేష్టారూ. దిగుడులో మీరు యాక్సిలరేటర్ మూశారు, పెట్రోలు పోలేదు. దాంట్లో కలిపిన ఆయిలూ పోలేదు. ఇంజన్ మాత్రం తిరుగుతానే ఉంది." తరవాత నా వైపు తిరిగి, ఇంజన్ మీది రెక్కల్ని వేలితో చూపించి, "దీనికి జొరమొస్తే నీళ్ళు పట్టలేం బాబూ, గాలే పట్టాలి" అన్నాడు.

ఆయన చెప్పినదాంట్లో విషయమంతా ఉంది. పిస్టన్ అల్యూమినియం, బోరు పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వెంట్రుక మందాన వదిలిన సందు మూసుకుపోతుంది. చల్లబడితే మళ్ళీ తెరుచుకుంటుంది. అందుకే అరగంట తరవాత కిక్ కదిలింది. పెట్రోలు ఇంజన్‌లో మండిన ఇంధనంలో చక్రానికి చేరే శక్తి పావు వంతో, కాస్త ఎక్కువో. మిగతాదంతా వేడే. కొంత సైలెన్సర్లోంచి పోతుంది, కొంత లోహంలోకి ఎక్కుతుంది. ఆ లోహంలోకి ఎక్కిన వేడిని ఎటు పంపాలన్నదే మోటారు సైకిలు చరిత్రలో దాదాపు నూట నలభై ఏళ్ళ తగువు. బండి వేడెక్కుతోందని షాపుకి తీసుకెళ్ళిన ప్రతివాడూ తెలియకుండా ఆ తగువులోకి దిగుతాడు.

తగువు మొదటి ప్రయాణంతోనే మొదలయింది. 1885 నవంబరులో గోట్‌లీబ్ డైమ్లర్ కొడుకు, తండ్రి చేసిన అరగుర్రపు శక్తి ఇంజనున్న కొయ్య బండి మీద కన్‌స్టాట్ నుంచి ఉంటర్‌టుర్క్‌హైమ్ వెళ్ళాడు. ఇంజన్‌ని మండించే ఎర్రగా కాలిన గొట్టం సరిగ్గా సీటు కింద ఉంది. దారిలో సీటు అంటుకుందని చెబుతారు. మొట్టమొదటి మోటారు సైకిలు సవారీలోనే రిపేరు కారణం వేడి అన్నమాట.

1894లో మ్యూనిక్‌లో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ అనే వాళ్ళు అమ్మకానికి పెట్టిన మొదటి మోటారు సైకిలు చేశారు. దాన్ని నీళ్ళతో చల్లార్చారు. వెనక చక్రం మీది మడ్‌గార్డే నీళ్ళ ట్యాంకు. తరవాత ఫ్రాన్స్‌లో ద దియోఁ-బుటోఁ వాళ్ళు తేలిక ఇంజన్లకి పక్కన రెక్కలు పోతపోసి గాలికి వదిలేశారు. రెక్కల్లో కిటుకు ఏమీ లేదు. పల్చటి పలకల వల్ల లోహం గాలికి తగిలే వైశాల్యం పెరుగుతుంది, అంతే. పంపు లేదు, గొట్టం లేదు, కారేది లేదు. బరువు తక్కువ, ఖరీదు తక్కువ. సైకిలు ఫ్రేములో ఇంజన్ పెట్టుకునే వాళ్ళకి అంతకన్నా కావలసింది ఏముంది? తరవాత చాలా దశాబ్దాలు మోటారు సైకిలంటే రెక్కల ఇంజనే.

మధ్యలో నీళ్ళ పక్షాన మాట్లాడిన వాళ్ళు లేకపోలేదు. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ 1908 నుంచి రెండు స్ట్రోకుల ఇంజన్ని నీళ్ళతో చల్లార్చాడు. మొదట హెడ్ మాత్రమే, తరవాత బోరు కూడా. పంపు పెట్టలేదు. వేడి నీళ్ళు తేలికై పైకి పోతాయి, రేడియేటర్లో చల్లబడి బరువెక్కి కిందకి దిగుతాయి. పొయ్యి మీద గిన్నెలో మనం రోజూ చూసేదే ఆయన ఇంజన్లో పెట్టాడు. రెండు స్ట్రోకుల ఇంజన్లో ప్రతి చుట్టుకీ ఒక మంట, వేడి బాగా ఎక్కువ. ఆ బళ్ళు 1912, 1913ల్లో వరసగా ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ పందెం గెలిచాయి. 1948లో వచ్చిన వెలొసెట్ ఎల్‌ఈ కూడా నీళ్ళదే. చప్పుడు తక్కువ కాబట్టి బ్రిటిష్ పోలీసులకి నచ్చింది. చుట్టూ ఉన్న నీళ్ళు చప్పుడునీ మింగుతాయి.

అసలు నాటకం మాత్రం జపానులో జరిగింది. సొయిచిరో హోండా 1906లో హమమత్సు దగ్గరి పల్లెలో కమ్మరి కొడుకుగా పుట్టాడు. 1948లో కంపెనీ పెట్టాడు. 1961లో ఆయన బళ్ళు ఐల్ ఆఫ్ మ్యాన్‌లో 125, 250 సీసీ తరగతులు గెలిచాయి. 1969లో నాలుగు సిలిండర్ల సీబీ750 వచ్చి ప్రపంచపు పెద్ద బళ్ళ మార్కెట్టునే తలకిందులు చేసింది. అన్నీ గాలితో చల్లబడేవే. ఇన్ని గెలిచిన మనిషికి గాలి మీద నమ్మకం ఉండదా? ఆయన వాదం చాలా సూటిగా ఉండేది: నీళ్ళతో చల్లార్చినా ఆ నీళ్ళు చివరికి రేడియేటర్లో గాలికే వేడిని ఇస్తాయి. మధ్యలో ఈ దళారీ ఎందుకు? ఇంజన్నే గాలితో చల్లారిస్తే పోలా?

వింటే కొట్టిపారెయ్యలేం. భౌతికశాస్త్రం ప్రకారం తప్పు కూడా లేదు. ఆ వాదంతోనే ఆయన కార్లలోకి దిగాడు. 1968లో గాలితో చల్లబడే ఆర్‌ఏ302 అనే ఫార్ములా వన్ కారు చేయించాడు. అప్పటికి హోండా తరఫున పోటీ చేస్తున్న జాన్ సర్టీస్ ఆ కారు క్షేమం కాదని ఎక్కనన్నాడు. జులై 7న రువాఁలో తడి ట్రాక్ మీద జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో దాన్ని నడిపిన జో ష్లెసెర్ అదుపు తప్పి, మెగ్నీషియం ఒళ్ళున్న ఆ కారులోనే కాలిపోయి చనిపోయాడు. అదే పందెంలో సర్టీస్ హోండా వాళ్ళ నీటి ఇంజన్ కారుతో రెండోవాడిగా వచ్చాడు. ఆ ప్రమాదానికి చల్లార్పే కారణమని ఎవరూ అనలేరు. కానీ ఆ ఫలితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ రాత్రి కంపెనీ ఇంజనీర్లు ఏం ఆలోచించి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

ఆయినా ఆయన పట్టు వదల్లేదు. 1969లో హోండా 1300 అనే కారూ గాలిదే వచ్చింది. ఈలోగా 1970లో అమెరికాలో పొగ మీద కొత్త చట్టం వచ్చింది. ఇక్కడే యువ ఇంజనీర్లకీ ఆయనకీ చెడింది. వాళ్ళు చెప్పింది ఇది: గాలి ఇంజన్ వేడి, ఎండనిబట్టి, వేగాన్నిబట్టి, బరువునిబట్టి మారిపోతుంది. వేడి స్థిరంగా లేకపోతే మంట స్థిరంగా ఉండదు. మంట స్థిరంగా లేకపోతే పొగని అదుపు చెయ్యలేం. అంటే హోండా గారి ప్రశ్న 'వేడి చివరికి ఎక్కడికి పోతుంది?' అయితే, వాళ్ళ ప్రశ్న 'పోయేదాకా ఎంత నిలకడగా ఉంటుంది?' అని. రెండూ వేరు వేరు ప్రశ్నలు.

చివరికి కంపెనీలో ఆయన జతగాడు టకెయో ఫుజిసావా కలగజేసుకున్నాడు. నువ్వు కంపెనీ అధ్యక్షుడిగా ఉంటావా, ఇంజనీరుగా ఉంటావా అని అడిగాడట. అధ్యక్షుడిగానే ఉండాలి కదా అని హోండా ఒప్పుకున్నాడు. అయితే నీళ్ళ ఇంజన్ మీద పని చెయ్యనియ్యి అన్నాడు ఫుజిసావా. సరే అన్నాడు హోండా. ఆ పని సీవీసీసీ ఇంజన్‌గా 1972లో బయటికి వచ్చి, అమెరికా చట్టాన్ని అందుకుంది. 1973లో హోండా, ఫుజిసావా ఇద్దరూ తప్పుకున్నారు. నీళ్ళ వైపు వాదించిన ఇంజనీర్లలో ఒకడైన తదాషి కుమె 1983లో ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. ఓడిపోయిన వాదాన్ని ఒప్పుకుని దారి వదలడం, గెలిచిన పందేల కన్నా పెద్ద పనని నాకు అనిపిస్తుంది.

మోటారు సైకిళ్ళలోనూ అప్పుడే గాలి మారింది. 1971లో సుజుకీ జీటీ750 వచ్చింది. మూడు సిలిండర్లు పక్కపక్కన ఉంటే నడిమిదానికి గాలి సరిగ్గా తగలదు కాబట్టి నీళ్ళు పెట్టారు. అమెరికా వాళ్ళు దాన్ని నీటి గేదె అన్నారు, ఇంగ్లండు వాళ్ళు కెటిల్ అన్నారు. 1974లో కొలోన్ ప్రదర్శనలో హోండా గోల్డ్ వింగ్ వచ్చింది, అదీ నీళ్ళదే. సొయిచిరో హోండా కంపెనీ నుంచే.

మన దగ్గరికి ఇదంతా ఆలస్యంగా వచ్చింది. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ బులెట్ నుంచి ఊళ్ళల్లో పాలక్యాన్లు మోసిన రెండు స్ట్రోకుల బళ్ళ దాకా అన్నీ రెక్కలవే. 2008లో యమహా ఆర్15 చిన్న బళ్ళలోకి రేడియేటర్ తెచ్చింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 నిబంధనలు వచ్చాక గాలి ఇంజన్లకి ఊపిరి ఇంకా ఇరుకైంది. 2023లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా హిమాలయన్ 450కి నీళ్ళు పెట్టింది.

పొగ చట్టానికీ రెక్కలకీ ఎందుకు పడదంటే, గాలి ఇంజన్ వేడి మారుతుంది కాబట్టి పిస్టన్‌కి సందు ఎక్కువ వదలాలి. ఆ సందులోంచి ఆయిలు పైకెక్కి కాలుతుంది. పైగా కాస్త ఎక్కువ పెట్రోలు పోస్తే, ఆవిరయ్యేటప్పుడు అది లోపల చల్లబరుస్తుంది. చట్టం ఆ ఎక్కువ పెట్రోలుని ఒప్పుకోదు. మన వాళ్ళు దానికి సరిగ్గా వ్యతిరేకం చేసేవారు. మైలేజీ కోసం కార్బ్యురేటర్ సన్నగా పెట్టించేవారు. మైలేజీ వచ్చేది, బోరూ పోయేది. ఎండాకాలం మా ఊళ్ళో మెకానిక్కులకి పని అలా దొరికేది.

ఈమధ్య హైదరాబాదులో నా బండికి ఎర్రదీపం వెలిగింది. దానికి రేడియేటర్ ఉంది. షాపులో ఉన్న కుర్రాడు స్పానర్ తీసే ముందు ఒకే ప్రశ్న అడిగాడు: "ఎప్పుడు వేడెక్కుతుంది సార్, ట్రాఫిక్కులోనా, హైవే మీద కూడానా?" ట్రాఫిక్కులోనే అన్నాను. "అయితే ఫ్యానే" అన్నాడు. బండి కదులుతుంటే గాలి దానంతటది వస్తుంది. ఆగినప్పుడు ఫ్యాన్ తేవాలి. చూస్తే ఫ్యూజు పోయింది. హైవే మీద కూడా వేడెక్కి ఉంటే, నీళ్ళు తిరగడం లేదని అర్థం: కూలెంట్ తగ్గిందో, థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుందో, పంపు తిరగడం లేదో, రేడియేటర్ సందుల్లో మట్టి పేరుకుందో. కూలెంట్ తగ్గుతూ నేల మీద చుక్క కనబడకపోతే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. అప్పుడు ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనిపిస్తుంది, సైలెన్సర్ తెల్లగా కక్కుతుంది. మూత వదులైతే ఒత్తిడి నిలవదు. ఒత్తిడి లేకపోతే నీళ్ళు తొందరగా మరుగుతాయి. వేడిగా ఉండగా ఆ మూత తియ్యకూడదు, చేతులూ మొహమూ కాలతాయి. బోరు నీళ్ళు పొయ్యకూడదు. పల్నాడు సున్నపురాయి నేల నీళ్ళు అయితే మరీనూ, గిన్నెలో పట్టినట్టే లోపల పొర కడతాయి. ఆ పొర వేడిని పోనివ్వదు.

ఆ కుర్రాడి ప్రశ్నా, ఇంజనీర్లు హోండాని అడిగిందీ, మార్కాపురంలో ఆయన నాన్నకి చెప్పిందీ ఒకటేనని నాకు తరవాత తట్టింది. వేడి పుట్టడం తప్పు కాదు, అది ఇంజన్ పని. పుట్టిన చోటి నుంచి గాలి దాకా దానికి దారి ఉందా, ఎక్కడ ఆగింది, అని వెతకడమే రిపేరు. రెక్కలున్న రోజుల్లో ఆ దారి కళ్ళకి కనబడేది, మట్టి పట్టితే గీకేవాళ్ళం. ఇప్పుడది గొట్టాల్లో దాక్కుంది, ఎర్రదీపం మాత్రమే కనబడుతుంది.

నాన్న ఆ బండి చాలా ఏళ్ళు ఉంచుకున్నాడు. మళ్ళీ ఎప్పుడు ఘాట్ దిగినా మధ్యమధ్యలో యాక్సిలరేటర్ ఒకసారి తిప్పేవాడు. వెనక కూచున్న నాకు, ఇంజన్‌కి ఒక గుక్క ఆయిలు పట్టిస్తున్నాడని తెలిసేది.