పాలలో తేలే లెక్క

అణుప్రమాదం జరిగిందనగానే ఎంతమంది పోయారని అడుగుతాం. దానికి నమ్మదగిన జవాబు రావాలంటే ప్రమాదానికి ముందటి లెక్కలు చేతిలో ఉండాలి, ప్రమాదం తర్వాతి కొలతలు వెంటనే బయటికి రావాలి. రేడియేషన్ హానిని లెక్కగట్టే శాస్త్రం ఎదిగిన తీరు చూస్తే తేలేది ఇదే. అణుబాంబులు పడిన హిరోషిమా, నాగసాకిలలో 1950 నుంచి సుమారు 1,20,000 మందిని జీవితాంతం గమనిస్తూ వచ్చిన అధ్యయనం రేడియేషన్ మోతాదుకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని అంకెల్లో పెట్టింది. అయితే అది ప్రధానంగా ఒక్క క్షణంలో ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క. తిండి ద్వారా చేరే ముప్పు 1957 అక్టోబరులో, ఇంగ్లండులోని విండ్‌స్కేల్ రియాక్టర్ తగలబడినప్పుడు కళ్ళకు కట్టింది. గడ్డి మీద పడిన రేడియోధార్మిక అయోడిన్-131ను ఆవు మేస్తుంది. అది పాలలోకి దిగి, ఆ పాలు తాగిన పసిబిడ్డ గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో పేరుకుంటుంది. ఎనిమిది రోజులకోసారి సగమైపోయే పదార్థం కనుక కొన్ని వారాలు ఆ పాలు మానితే చాలావరకు గండం గడుస్తుంది. అక్కడ సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పాలు పారబోయించారు. విచారణ నివేదిక పూర్తిపాఠాన్ని మాత్రం 1988 దాకా బయటపెట్టలేదు.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలినప్పుడు పల్లెల్లో అలాంటి పాలు సకాలంలో ఆగలేదు. సిబ్బందిలో, మంటలార్పినవారిలో 134 మందికి తీవ్ర రేడియేషన్ జబ్బు చేసింది, వారిలో 28 మంది కొద్ది నెలల్లోనే చనిపోయారు. ప్రమాదం నాటికి చిన్నవయసులో ఉన్నవారిలో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. వాటిలో గణనీయమైన భాగానికి ఆ పాలే కారణమై ఉండవచ్చని, అణు రేడియేషన్ ప్రభావాలను పరిశీలించే ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం తేల్చింది. 2011లో ఫుకుషిమాలో కథ వేరు. రేడియేషన్ వల్ల అక్కడి ప్రజల ఆరోగ్యం దెబ్బతిన్నట్టు ఆధారం లేదని అదే సంఘం చెప్పింది. ఇల్లూవాకిలీ వదిలి పోవలసిన అవస్థల వల్ల మాత్రం 2,000 మందికి పైగా చనిపోయారు. పిల్లలకు అల్ట్రాసౌండ్ పరీక్షలు చేస్తే థైరాయిడ్ క్యాన్సర్లు ఊహించినదానికన్నా ఎక్కువ కనిపించాయి. అవి ప్రమాదం తెచ్చినవా, వెతికితే ఎక్కడైనా దొరికేవా? అంతకుముందు అదే పిల్లలకు అలాంటి పరీక్షలు జరగకపోవడం వల్ల ఆ వాదం ఇంకా నడుస్తోంది.

మనకు దగ్గరి అణుకేంద్రం తమిళనాడు తీరాన ఉన్న కల్పాక్కం. 1999 మార్చి 26న అక్కడి రెండో రియాక్టర్‌లో టన్నులకొద్దీ భారజలం కారింది. 2003 జనవరిలో వాడిన ఇంధనాన్ని శుద్ధిచేసే కేంద్రంలో ఆరుగురు పనివారికి పరిమితికి మించిన రేడియేషన్ సోకింది. ఆ సంగతి జనానికి తెలిసేసరికి నెలలు గడిచాయి. ఈ రెండింటిలోనూ బయటి ప్రజలకు హాని జరిగినట్టు తేలలేదు. అక్కడికి నూరు కిలోమీటర్లకు పైగా దూరాన, తిరువళ్ళూరు జిల్లాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మన పళ్ళిపట్టుకు ఈ గొడవ ఎందుకని అడగవచ్చు. కానీ చెర్నోబిల్‌కు దాదాపు 200 కిలోమీటర్ల అవతల కూడా, వాన కురిసినచోట రేడియోధార్మిక సీజియం-137 మడుగుల్లా నేలకు దిగింది. అది సగం కావడానికే 30 ఏళ్ళు పడుతుంది. పళ్ళిపట్టు మీదుగా పారే కుశస్థలి నీళ్ళు పూండి జలాశయం చేరి చెన్నై దాహం తీరుస్తాయి. ఇక్కడ పడేది ఇక్కడితో ఆగదు.

ఇలాంటి మాటలే జనాన్ని భయపెడతాయనేవారికి ఫుకుషిమా మరణాలు బలమైన సాక్ష్యమే. కానీ భయాన్ని తగ్గించేది కూడా లెక్కలే. కేరళలోని కరునాగపళ్ళిలో ఇసుకలోనే సహజ రేడియేషన్ ఎక్కువ. అక్కడ వేలాదిమందిని ఏళ్ళతరబడి పరిశీలించి, దానివల్ల క్యాన్సర్ పెరగలేదని చూపగలిగారు. కల్పాక్కం చుట్టూ నీరు, పాలు, చేపలు కొలిచే ప్రయోగశాల ఉంది. అలాంటి కొలతలు తిరువళ్ళూరు జిల్లా పాలకూ చెరువులకూ విస్తరించాలి. తమిళంతో పాటు తెలుగులోనూ ఏటా ఊరి పంచాయతీకి అందాలి. ప్రమాదం ఎన్నడూ రాకపోతే ఆ శ్రమకు అయ్యే ఖర్చు స్వల్పం. వస్తే మాత్రం, ఆ లెక్కలు లేని ఊరు తనకు జరిగిన నష్టాన్ని నిరూపించుకోలేదు, జరగనిదానికి భయపడటమూ మానలేదు.