యంత్రము ఒక్కటే, పని ఏర్పాటులు రెండు

కొత్త యంత్రమును తెచ్చి పెట్టిన తరువాత కూడ ఉత్పత్తి పెరుగకపోయినచో సామాన్యముగా రెండే కారణములు చెప్పుదురు. యంత్రము మంచిది కాదందురు. లేదా పనివారు మంచివారు కారందురు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత బ్రిటనులోని బొగ్గుగనులకు ఇట్టి సమస్యయే ఎదురయ్యెను. 1947 జనవరి 1వ తేదీన ఆ గనులు జాతీయము చేయబడినవి. యంత్రములు విస్తరించినవి. అయినను బొగ్గు ఆశించినంత రాలేదు. పనికి రాక నాగా పెట్టువారు ఎక్కువైరి. లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్టు, కెన్ బామ్‌ఫోర్తు అనువారు దీనిని పరిశీలించి 1951లో ఒక వ్యాసము ప్రకటించిరి. బామ్‌ఫోర్తు పూర్వము తానే గనిలో బొగ్గు తవ్వినవాడు. ఇది చిన్న సంగతి కాదు. గనిలోని చీకటిని ఎరుగనివారికి తోచని ప్రశ్నలు ఆయనకు తోచియుండును.

పూర్వము గనిలో పని ఎట్లు జరిగెడిది? ఇద్దరు తవ్వువారు, బొగ్గు తొట్లను తోయుటకు ఒక కుర్రవాడు కలిసి చిన్న జట్టుగా ఉండెడివారు. తవ్వుట, ఎత్తుట, పైకప్పు కూలకుండ దూలములు నిలుపుట, అన్నియు వారే చేసికొనెడివారు. జతగానిని ఎవరికి వారే ఎన్నుకొనెడివారు. ప్రాణములు ఒకరివి ఒకరి చేతిలో ఉన్నవి కదా! ఒకనికి ప్రమాదము జరిగినచో అతని కుటుంబమును రెండవవాడు కనిపెట్టి చూచిన సందర్భములును కలవు.

తరువాత లాంగ్‌వాల్ పద్ధతి వచ్చినది. సింగరేణి ప్రాంతపు పాఠకులకు ఈ మాట కొత్త కాదు. సుమారు 180 గజముల పొడవుగల బొగ్గుగోడను ఒకేసారి తవ్వుదురు. నలుబదిమంది పనివారిని మూడు షిఫ్టులకు పంచిరి. మొదటి షిఫ్టువారు గోడ అడుగున కోసి, రంధ్రములు వేయుదురు. రెండవవారు బొగ్గును మోయు కన్వేయరును ముందుకు జరుపుదురు. మూడవవారు బొగ్గును దానిపైకి ఎత్తుదురు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పని, ఒక్కొక్క కూలిరేటు. మొత్తము పని ఎవరిదియు కాదు. మొదటివాడు కోత సరిగా కోయనిచో ఆ కష్టము మూడవవాని నడుముపై పడును. కాని ఆ ఇద్దరును ఒకరినొకరు చూడనైన చూడరు. ఇక నిందలు పుట్టినవి, నాగాలు పెరిగినవి. ఫ్యాక్టరీలో నేల కదలదు. గనిలో పైకప్పే మారుచుండును. ఫ్యాక్టరీ కొరకు పుట్టిన శ్రమవిభజనను గనిలోనికి దింపునపుడు ఈ భేదమును ఎవరును లెక్కించలేదు.

అయితే యంత్రములను తీసివేయవలెనా? అక్కరలేదని డర్హం గనులలో తేలినది. అవే యంత్రములతో కొన్నిచోట్ల నలుబదిమందియు ఒకే జట్టుగా ఏర్పడి, పనులను తామే పంచుకొని, కూలిని సమానముగా తీసికొనిరి. ముందు షిఫ్టువారు ఎక్కడ ఆపిరో అక్కడనుండి అందుకొనిరి. పాత ఏర్పాటులో నూరు షిఫ్టులకు 20 నాగాలైనచో, ఈ జట్టులో 8.2 మాత్రమే. ఈ పోలిక 1963లో గ్రంథరూపమున వెలువడినది.

ఈ ఆలోచన మన దేశమునకు ముందే వచ్చినది. అదే టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ. కె. రైస్‌ను అహమ్మదాబాదులోని కాలికో మిల్లుల అధిపతి గౌతం సారాభాయి పిలిపించెను. 1953లో రైస్ అచటి స్వయంచాలక మగ్గముల షెడ్డును పరిశీలించెను. 224 మగ్గములు, 29 మంది పనివారు, 12 రకముల పనులు. మగ్గములు కొత్తవే, గుడ్డ మాత్రము అనుకొన్నంత రాలేదు, వచ్చినదానిలో లోపములు ఎక్కువ.

విద్యార్థులు ఇక్కడ ఒక లెక్క వేయవచ్చును. నేతగాడు సుమారు 30 మగ్గములను చూచును. పేక కండెలు నింపువాడు సుమారు 48 మగ్గములకు పనిచేయును. పెక్కు పోగులు ఒకేసారి తెగినపుడు బాగుచేయువానికి 80 వరకు ఉండును. అనగా ఒక నేతగానికి కండెలు నింపువానిలో ఎనిమిదింట అయిదు పాళ్లు, పోగులు బాగుచేయువానిలో ఎనిమిదింట మూడు పాళ్లు తోడు! మనిషిలో భిన్నముతో స్నేహము చేయుట ఎట్లు? మగ్గము ఆగినపుడు అడుగుటకు తన మనిషి అంటూ ఎవరును లేరు.

రైస్ జట్ల ఊహను సూచించగానే పనివారును మేస్త్రీలును దానిని అందుకొనిరి. ఎవరు ఎవరితో ఉండవలెనో వారే తేల్చుకొనిరి. 64 మగ్గములకు ఏడుగురు చొప్పున జట్లు ఏర్పడినవి. కొంతకాలమునకు మగ్గముల సామర్థ్యము సుమారు 80 శాతమునుండి 95 శాతమునకు పెరిగినది. లోపముల గుడ్డ 32 శాతమునుండి 20 శాతమునకు తగ్గినది. కూలి పద్ధతియు అప్పుడే మారినది గనుక కీర్తి అంతయు జట్లకే ఇచ్చుట న్యాయము కాదని విమర్శకులు అనిరి. అది తీసివేయదగిన మాట కాదు. కాని కూలి మార్పును కూడ మొత్తము ఏర్పాటులో ఒక భాగముగానే చూడవలెనని నా అభిప్రాయము.

ఈ పరిశోధకులకు జీవశాస్త్రము తోడ్పడినది. లుడ్విగ్ ఫాన్ బెర్టలాన్ఫీ 1950లో వివృత వ్యవస్థల సిద్ధాంతమును వివరించెను. ప్రాణి బయటనుండి ఆహారమును గ్రహించి, మార్చి, విసర్జించుచు నిలుచును. ఒక అవయవమును విడిగా చూచినంత మాత్రమున దాని బ్రతుకు తెలియదు. మిల్లు కూడ అట్టిదే. నూలు లోనికి వచ్చును, గుడ్డ బయటికి పోవును. నడుమ యంత్రములును మనుష్యులును కలిసి ఒక వ్యవస్థ. ఒకదానిని మార్చినచో రెండవదియు మారును.

1970లో ఎరిక్ మిల్లరు మరల ఆ మిల్లునకు పోయి చూచెను. ఒక షెడ్డులో జట్లు ఇంచుమించు మొదటివలెనే నిలిచియున్నవి. మరికొన్నిచోట్ల సడలిపోయినవి. గుడ్డ రకములు పెరిగి ఒత్తిడి ఎక్కువైనపుడు పైవారు జట్టు లోపలి విషయములలో చేయి పెట్టుట మొదలిడిరి. జట్టు తానే సర్దుకొనవలసిన పనిని మేస్త్రీ సర్దెను. మగ్గములు అవే.