గురి, యుక్తి కలిసిన ఆట: ‘పజిల్ బాబుల్’ చరిత్ర – జానపద అధ్యయన దృష్టి

వ్యాస సంగ్రహం: గురిచూసి కొట్టడం, చిక్కు విప్పడం అనే రెండు క్రీడాధర్మాలను ఒకే తెరపై కలిపిన ఆర్కేడ్ ఆట ‘పజిల్ బాబుల్’. ఈ ఆట నేపథ్యాన్ని, నిర్మాణాన్ని, అనుకరణల వ్యాప్తిని పరిశీలించి, జానపద అధ్యయనంలోని పాఠాంతర భావన దీనికి ఎంతవరకు వర్తిస్తుందో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఆర్కేడ్ ఆట, పజిల్ బాబుల్, గోలీలాట, పాఠాంతరం, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి సంప్రదాయ క్రీడలలో యుక్తి ప్రధానమైనవి, గురి ప్రధానమైనవి అని స్థూలంగా రెండు తెగలు కనిపిస్తాయి. పులిజూదంలో చేతి నేర్పుతో పనిలేదు. కాయను ఎటు జరపాలన్న ఆలోచనే గెలుపోటములను నిర్ణయిస్తుంది. బిళ్ళంగోడులో కంటికీ చేతికీ కుదిరే పొందికే ముఖ్యం. గోలీలాట ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. ఎదుటి గోలీని కొట్టడంతో ఆటగాని పని తీరదు. ఆ పిదప తన గోలీ ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించుకోవాలి. ఒంగోలుకు సమీపంలోని కొత్తపట్నం వంటి తీరగ్రామాల ఇసుక నేలపై దొర్లే దూరం వేరు, గుంటూరు సీమలో గట్టిపడిన నల్లరేగడిపై దొర్లే దూరం వేరు. నేలను బట్టి లెక్క మారుతుంది.

2. ఆర్కేడ్ నేపథ్యం

యంత్రపు ఆటలలోనూ ఈ రెండు తెగలు మొదట వేర్వేరుగానే సాగాయి. జపానుకు చెందిన టైటో సంస్థ 1978లో విడుదల చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ కాల్పుల ఆటలకు ఒరవడి దిద్దింది. దాని రూపకర్త తొమొహిరొ నిషికాదొ. 1980ల నడుమ మాస్కోలో అలెక్సీ పజిత్‌నోవ్ రూపొందించిన ‘టెట్రిస్’ చిక్కుముడి ఆటలకు ప్రపంచవ్యాప్త ఆదరణ తెచ్చింది. 1989లో కొనామి సంస్థ తెచ్చిన ‘క్వార్త్’లో ఆటగాడు కింది నుండి దిమ్మెలను పేల్చి, దిగివచ్చే ఆకారాలను దీర్ఘచతురస్రాలుగా పూరించాలి. ఇక్కడ కాల్పులు నాశనానికి కాక పూరణకు సాధనమయ్యాయి. ఈ మేళవింపును బహుళ జనాదరణకు చేర్చినది 1994లో టైటో తెచ్చిన ‘పజిల్ బాబుల్’. జపాను వెలుపల ఇది ‘బస్ట్ ఎ మూవ్’ పేరుతోనూ ప్రచారమైంది. ఇందులోని బబ్, బాబ్ అనే పాత్రలు ఫుకియో మిత్సుజి రూపొందించిన ‘బబుల్ బాబుల్’ (1986) నుండి వచ్చినవే.

3. నిర్మాణం

తెర పైభాగాన రంగుబుడగలు అతుక్కొని ఉంటాయి. ఆటగాడు కింది నుండి బాణపు గుర్తును తిప్పి బుడగను వదలాలి. ఒకే రంగువి మూడు లేదా అంతకు మించి కలిస్తే పగులుతాయి. వాటి ఆధారంగా వేలాడేవి రాలిపోతాయి. రాలేవి పెరిగేకొద్దీ పాయింట్లు రెట్టింపవుతూ పోతాయి. కనుక కనిపించిన బుడగను కొట్టేవాని కన్నా, దానిని మోస్తున్న బుడగను గుర్తించేవాడే నేర్పరి. పక్కగోడలకు తగిలించి బుడగను మళ్ళించవచ్చు. కొన్ని దెబ్బలకొకసారి పైకప్పు కిందికి దిగుతుంది. ఆలస్యం చేస్తే బుడగ దానంతట అదే వెలువడుతుంది. ఆలోచనకు గడువు విధించడం వల్లనే యుక్తి, గురి విడదీయరానివయ్యాయి.

4. అనుకరణలు, పాఠాంతరాలు

ఈ సూత్రంపై లెక్కకు మిక్కిలి అనుకరణలు వచ్చాయి. ‘బబుల్ షూటర్’, 2011 నాటి ‘బబుల్ విచ్ సాగా’ ప్రసిద్ధాలు. చేతిఫోనులో బుడగలు పేల్చేవారిలో చాలామందికి మూలం పేరు తెలియదు. ఆట నియమాలకు కాపీరైటు రక్షణ లేకపోవడం ఇందుకొక కారణం. 2012లో ‘టెట్రిస్’ అనుకరణపై అమెరికా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు కూడా నియమాలను వదిలి, రూపానుకరణనే తప్పుపట్టింది.

కర్త మరుగున పడి రూపాలు పెరగడం చూసి దీనిని ఆధునిక జానపదమని అనిపించవచ్చు. బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకులు బలపరచిన తెలుగు జానపద అధ్యయనం ఇక్కడ ఒక హెచ్చరిక చేస్తుంది. జానపదంలో అజ్ఞాతకర్తృత్వం సామూహిక సృష్టి ఫలితం. ఇక్కడ తెలిసిన కర్తృత్వమే చెరిగిపోయింది. గోలీలాటలో వాడవాడకూ మారే నియమాలను పిల్లలే మాట్లాడుకొని స్థిరపరుస్తారు. తెరపై ఆటలో ఆ అధికారం ప్రోగ్రాము రాసిన సంస్థదే. ఆటగాడు నియమాన్ని పాటించగలడు గాని సవరించలేడు.

5. ముగింపు

‘పజిల్ బాబుల్’ అనుకరణలను పాఠాంతరాలుగా పోల్చి చదవవచ్చు. కాని వాటిని జానపద క్రీడలుగా వర్గీకరించడం సరికాదు. రూపాల సంఖ్య కాక, రూపాన్ని మార్చే హక్కు ఎవరిదన్నదే గీటురాయి కావాలి. గోలీలాట వెనుకబడితే పోయేది ఒక ఆట మాత్రమే కాదు, పిల్లలు తమ నియమాలను తామే చర్చించి నిర్ణయించుకొనే సంప్రదాయం కూడా. అందువల్ల సంప్రదాయ క్రీడల సేకరణలో ఆట నియమాలతో పాటు, ఆ నియమాలపై పిల్లల మధ్య సాగే వాదాలను, ఒప్పందాలను సైతం నమోదు చేయడం అవసరం.