సంతలో మన చోటు

"గిరిజనులకు అడవి తెలుసు, కూలి తెలుసు, వ్యాపారం మాత్రం తెలియదు" అని చాలామంది అంటుంటారు. మన పిల్లలు కూడా ఆ మాట నమ్మేశారు. వసతి గృహంలో పిల్లల్ని పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే టీచరు, నర్సు, పోలీసు అంటారు. కొట్టు పెడతానని ఒక్కరూ అనరు. అందుకే ఈ సంచికలో మన వ్యాపారం కథ చెప్పుకోవాలనుకున్నాం.

ఎరుకల వారిలో ఉప్పు ఎరుకల అనే శాఖ ఉంది. రైలు రాకముందు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు చేర్చింది ఇలాంటి వాళ్లే. తిరిగి వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవారు. దబ్బ ఎరుకల వారు వెదురు చీల్చి తట్టలు, బుట్టలు అల్లి ఊరూరా అమ్మేవారు. తర్వాత కంపెనీ ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధికారం తీసుకుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మీద సరుకు పడవలు తిరిగాయి. 1890లలో ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రైలు వచ్చింది. సరుకు పడవా రైలూ ఎక్కింది. గాడిదల బాట మూసుకుపోయింది. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి తెచ్చారు. నిన్నటి వర్తకులు కాగితం మీద నేరస్థులయ్యారు. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

కొండ మీద కథ వేరు. కోయ, కొండరెడ్డి కుటుంబాలు చింతపండు, కుంకుడుకాయలు, తేనె, కొండచీపుర్లు మోసుకుని సంతకు దిగేవి. ధర చెప్పేది కొనేవాడే, తూకం వేసేది కూడా కొనేవాడే. ఈ దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది.

1959 నవంబరు 1న మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ మొదలైంది. ఊరి వ్యాపారానికి పంచాయతీ చేయగల పెద్ద మేలు సంతే. స్థలం, నీళ్లు, నీడ, వెలుతురు ఇస్తే చుట్టుపక్కల పది ఊళ్ల సరుకు అక్కడికి నడిచి వస్తుంది. పంచాయతీకి ఆదాయమూ వస్తుంది. అయితే చాలాచోట్ల ఆశీలు వసూలును వేలం పాటకు ఇస్తారు. పాట పాడినవాడు తన డబ్బు రాబట్టుకోవాలి కదా! మా దగ్గర చదివే ఒక పిల్ల తల్లి ఒక సంతలో నాలుగు బుట్టలు పెట్టుకుంది. ఒక్క బుట్టయినా అమ్ముడుపోకముందే ఆశీలు కట్టమన్నారు. రసీదు అడిగితే నవ్వారు. ఆమె బుట్టలు ఎత్తుకుని రోడ్డు పక్కకు పోయింది. ఆ ఊరి గ్రామసభలో ఈ విషయం ఎప్పుడైనా మాట్లాడారా అని అడిగాం. "మమ్మల్ని ఎవరు పిలుస్తారమ్మా" అంది.

ఎవరి పేరున అభివృద్ధి జరుగుతుందో, ఎవరి చేతికి చేరుతుందో కొల్లేరు చెబుతుంది. 1976లో పేద మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చారు. క్రమంగా పెట్టుబడి ఉన్న బయటివారు వాటిని లీజుకు పట్టారు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2005-06లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. మావులు వేసి చేపలు పట్టిన చేతులు చెరువు కాపలాకు, పట్టుబడి కూలికి మిగిలాయి. ఇప్పుడు ఆటపాకకు గూడబాతులను చూడటానికి, కొల్లేటికోటకు పెద్దింట్లమ్మ తల్లి జాతరకు జనం వస్తారు. ఆ జనం కొనే బుట్టలో, తినే చేపలో, ఎక్కే పడవలో చుట్టుపక్కల యానాది, ఎరుకల కుటుంబాల వాటా ఎంత? ఇది మనం అడగవలసిన ప్రశ్న.

ఏజెన్సీ గ్రామాలకు అడిగే అవసరం కూడా లేదు, హక్కే ఉంది. 1996 డిసెంబరులో వచ్చిన పీసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యాన్ని, ఊరి సంతల నిర్వహణను గ్రామసభకు, పంచాయతీకి ఇమ్మంటుంది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. బుట్టాయగూడెం అడవిలో గుహలో కొలువైన గుబ్బల మంగమ్మ తల్లి దగ్గరికి ఖమ్మం వైపు నుంచి కూడా భక్తులు వస్తారు. కొబ్బరికాయల కొట్టు, భోజనం, బండ్లు నిలిపే చోటు ఎవరు నడపాలో బయటివారు తేల్చకముందే గ్రామసభ అడుగు వేయాలి. అటవీ శాఖతో మాట్లాడి తీర్మానం రాసుకోవాలి. చెత్త ఎత్తే బాధ్యతా అందులోనే ఉండాలి. అడవి పాడైతే అమ్మవారి దగ్గరికీ ఎవరూ రారు.

మైదానంలో ఉన్న యానాది, ఎరుకల వారికి పీసా వర్తించదు. కానీ 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ అందరిదీ. ఓటు ఉన్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. అక్కడ మూడు మాటలు అడుగుదాం. చేత్తో అల్లి అమ్మేవారికి ఆశీలు మాఫీ చేయాలి. సంతలో, జాతరలో వారికి గుర్తించిన చోటు ఇవ్వాలి. వసూలు చేసే ప్రతి రూపాయికి రసీదు ఉండాలి. ఇవి పెద్ద కోరికలు కావు. అయితే మాట చాలదు, తీర్మానాల పుస్తకంలోకి ఎక్కాలి. మన ఇళ్లలో చదువుకున్న పిల్లలున్నారు. ఆ పుస్తకం చదివి చెప్పడం వాళ్ల పని.

ఆ తల్లి ఇప్పటికీ రోడ్డు పక్కనే అమ్ముతోంది. వచ్చే గ్రామసభకు ఆమెతో పాటు వెళ్తామని మాట ఇచ్చాం. మీ ఊళ్లో కూడా ఒకరు ఒకరికి తోడు వెళ్లండి. ఉప్పు మోసిన కాళ్లకు సంత దారి కొత్త కాదు.