పొరుగువానితో నీతిమాట

మన ఆరాధనలో "అన్యులు" అను మాట ఎన్నిసార్లు వినబడునో ఒక ఆదివారము లెక్కపెట్టి చూడుము. ప్రార్థనలో వచ్చును, ప్రసంగములో వచ్చును, సంఘపు ప్రకటనలలో కూడ వచ్చును. దేవాలయపు మెట్లు దిగి ఇల్లు చేరగానే ఆ అన్యుడే మన పక్క చేని మామ. అతని భార్య మన బిడ్డ పుట్టిన రాత్రి తెల్లవార్లు మేలుకొన్న అత్త. "మామా, ఒక గంట నీళ్లు వదులు" అని సోమవారము బతిమాలు మనమే, ఆదివారము అతడు చీకటిలో నున్నాడందుము. త్రాగుడును గూర్చియో, కట్నమును గూర్చియో, మ్రొక్కుబడిని గూర్చియో అతనితో మాటలాడవలసి వచ్చినప్పుడు ఈ రెండు ముఖములలో ఏ ముఖముతో మాటలాడుదుము?

ఈ ప్రశ్న మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. అమెరికాలోని రిఫార్మ్డ్ సంఘపువారి ఆర్కాటు మిషను 1853లో స్కడర్ సోదరులచే స్థాపింపబడెను. ఆ మిషను పక్షముగా మదనపల్లెలో పనిచేసిన జేకబ్ చేంబర్లేన్ దొర వైద్యుడును బోధకుడునై యుండెను. 1863లో ఆయన కొందరు సహోదరులతో నిజాము రాజ్యములోనికి దీర్ఘ ప్రయాణము చేసెను. అక్కడ ప్రాకారముగల ఒక ఊరి అంగడివీధిలో జనులు వారిని వెళ్లిపొమ్మని గద్దించి, రాళ్లు చేతబట్టి చుట్టుకొనిరి. అప్పుడాయన వాదింపలేదు. ఒక్క కథ చెప్పనిండి, అటుపిమ్మట మీకు తోచినట్లు చేయుడని వేడుకొనెను. వారు సమ్మతించగా, యేసు పుట్టుకయు, ఆయన రోగులను ముట్టి బాగుచేసిన విధమును, సిలువ మరణమును వారి భాషలోనే చెప్పెను. వినుచుండగా కొందరి కన్నులు చెమ్మగిల్లెను, రాళ్లు నేల రాలెను, కడపట సువార్త పుస్తకములు కొనిరి. ఈ సంగతి ఆయనే వ్రాసిన పుస్తకము వలన మనకు తెలిసినది గనుక ఇది ఒక పక్షపు సాక్ష్యమే. అయినను ఒకటి గమనింపుము. మీ దేవతలు దొంగ దేవతలని ఆయన మొదలుపెట్టి యుండినయెడల ఆ కథ చెప్పుటకు మిగిలి యుండునా?

ఇక్కడ ఒక సత్యమును దాచరాదు. ఆ కాలపు మిషనరీలు తమ దేశస్థులకు వ్రాసిన పుస్తకములలో మన జనులను గూర్చిన మాటలు కొన్ని యున్నవి. వాటిని నేడు మన పొరుగువాని ముందర బిగ్గరగా చదువుటకు మనము సిగ్గుపడుదుము. ఎదుట నిలిచి కథ చెప్పునప్పుడు ఒక నాలుక, దూరమునుండి వ్రాయునప్పుడు మరియొక నాలుక. ఆ జబ్బు మిషనరీలతోనే పోయినదని నేననుకొనను.

మన పొరుగువానికి నీతి తెలియదనుకొనుటే మన మొదటి తప్పు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు మదనపల్లె కడప జిల్లాలో నుండెను. ఆ కడపలో ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌన్ దొర, ఒక పాదిరి కుమారుడు, తాటాకుల మీద నున్న వేమన పద్యములను ఏరి ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చువేయించెను. లోభిని, దొంగ సన్యాసిని, కులగర్వమును, ఉత్త పూజను వేమన ఎట్లు ఎండగట్టెనో మన పల్లెలో చదువురాని ముసలివాడు కూడ చెప్పగలడు. నీతిని మనము ఓడమీద దింపుకొనలేదు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో పౌలు ఏథెన్సు నిండ నున్న విగ్రహములను చూచి లోలోపల కలవరపడెను గాని, మాట విప్పినప్పుడు వారి కవుల మాటనే ఆధారము చేసికొనెను.

అయితే వేమన పద్యమును కూడ రాయిగా విసరవచ్చును, ఎరుగుదువా? వేమన తన ఇంటివారిని మందలించెను. అది ఇంటి పెద్ద కోపము. అదే పద్యమును మనము బజారులో చదివి మీవారే మిమ్మును తిట్టిరి చూడుడన్నప్పుడు అది పరాయివాని ఎగతాళి యగును. వేమన ఒకసారి మన సంఘ కమిటీ ఎన్నికలకు వచ్చి వెనుక బల్లమీద కూర్చుండినయెడల ఏమి పద్యము చెప్పునో!

మదనపల్లెలో 1915లో కళాశాల నెలకొల్పిన అనీబిసెంటు అమ్మ సంగతి మనకు ఇంకను దగ్గరిది. ఆమె దివ్యజ్ఞాన సమాజపు అధ్యక్షురాలని అందరెరుగుదురు. ఆమె ఇంగ్లాండులో ఒక క్రైస్తవ గురువు భార్యయై యుండెనని మనలో ఎందరెరుగుదురు? ఆమె పసిబిడ్డ కోరింతదగ్గుతో ప్రాణముమీదికి వచ్చి విలవిలలాడినప్పుడు, దయగల దేవుడు దీనిని ఎట్లు చూచుచున్నాడను ప్రశ్న ఆమెను పట్టుకొనెను. సందేహములు తీర్చుకొనుటకు ఆక్స్‌ఫర్డులో గొప్ప పండితుడైన పూసీగారిని కలిసికొనెను. ఆయన ఆమెను అడుగ వచ్చినదానిగా చూడక పాపము ఒప్పుకొన వచ్చినదానిగా చూచి, ఇక చదువవద్దు, ప్రార్థించుమని పంపివేసెనని ఆమె తన జీవిత చరిత్రలో వ్రాసికొన్నది. 1873 నాటికి ఆమె సంఘమును, భర్త గృహమును విడిచినది. పూసీగారు ఓపికతో వినినయెడల ఆమె నిలిచియుండునని నేను చెప్పుట లేదు. కాని బిడ్డ ప్రక్కన రాత్రులు గడిపిన తల్లికి మొదట దొరకినది తీర్పు. బిసెంటు కళాశాల మీదుగా పోవునప్పుడెల్లను నాకీ సంగతి జ్ఞాపకము వచ్చును.

ఆ 1910ల దశకములోనే పట్టణమునకు కొద్ది దూరమున, అనేక మిషనులు కలిసి ఆరోగ్యవరము క్షయ వైద్యశాలను నడుపనారంభించెను. డెన్మార్కు దేశస్థుడైన ఫ్రిమోట్ మోలర్ దొర దానికి పెద్ద వైద్యుడు. క్షయకు మందులేని రోజులవి. విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారము, ఇంతే చికిత్స. రోగులు నెలల తరబడి మంచము పట్టియుండవలెను. క్షయ వచ్చినదన్న వెంటనే పూర్వజన్మ పాపమనో, దేవుని శిక్ష యనో లోకము పలుకుచుండెను, మనవారును పలికిరి. యోహాను 9వ అధ్యాయములో గ్రుడ్డివానిని చూచి, పాపము వీనిదా, వీని కన్నవారిదా అని శిష్యులు అడుగలేదా? వైద్యుడైతే జ్వరము ఎన్నాళ్లనుండి అని అడుగును. మన దేశములో బి.సి.జి. టీకాలు మొదట 1948లో మదనపల్లెలోనే వేయబడెను. ఆరోగ్యమైన బిడ్డకు సూది వేయించుమని తల్లిని ఒప్పించుటకు ఆమె భయమును మొదట వినవలెను. ఆమె అజ్ఞానమును ఎత్తి చూపినయెడల ఆమె తలుపు మూసికొనును.

ఇంతవరకు ఇతరుల కథలు చెప్పితిని, ఇక నాది. సెమినరీ చదువు ముగిసి, 1990లలో పుంగనూరు దగ్గరి ఒక పల్లెకు పంపబడితిని. తలనిండ తర్కము ఉండెను. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర వచ్చెను. మా ఎదురింటి పెద్దాయన ఒక మేకపోతును మ్రొక్కుబడికై పెంచుచుండెను. నేను వీధిలో నలుగురు వినుచుండగా, "రక్తము కోరునది ఏమి దేవత?" అని అడిగితిని. ఆయన మేకపోతు తాడు పట్టుకొని నెమ్మదిగా, "అయ్యగారూ, మనవరాలు బతికితే ఇస్తానని మాటిచ్చినా. మాట తప్పమంటారా?" అనెను. కొంచెమాగి, "పోయిన క్రిస్మస్‌కు మీవాళ్లు కోసిన పొట్టేలు మా మందలోదే గదా" అనెను.

నలుగురు నవ్విరి. నీతి బోధింప పోయిన నాకు జవాబు లేకపోయెను. ఏలయనగా మాట నిలుపుకొనుట అను నీతిమీద ఆయన నిలిచియుండెను. నేను నా చదువుమీద నిలిచియుంటిని. కొన్ని నెలలు ఆయన నాతో మాటలాడలేదు. తుదకు నేనే పోయి అరుగుమీద కూర్చుండి, "ఆ పిల్లకు ఏమైంది పెద్దాయనా?" అని అడిగితిని. మొదటి దినమే అడుగవలసిన ప్రశ్న అది. ఒక గంటసేపు చెప్పెను: జ్వరము, బండి దొరకని రాత్రి, తాను ఏడ్చిన ఏడ్పు. పిమ్మట తానే, "మీ దేవునికి మొక్కు లేదా అయ్యగారూ?" అనెను. అప్పుడు సిలువను గూర్చి చెప్పితిని. ఆయన చివరివరకు గంగమ్మ భక్తుడే. ఆయన పోయినప్పుడు నేను శ్మశానము వరకు నడిచితిని.

అట్లయిన చెడును చెడు అనకూడదా అని నీవడుగుదువు. అనవలెను. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని ప్రభువు శిక్షకు అప్పగింపలేదు, ఇక పాపము చేయవద్దని చెప్పుట మానను లేదు. కాని రాళ్లు పట్టినవారు వెళ్లిపోయిన తరువాత ఆ మాట చెప్పెను. ఆ వరుస మనము తరచుగా తారుమారు చేయుదుము.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాయి అంగడిని మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరులో సారాయి నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ స్త్రీలను ఎవరును మతమడుగలేదు. తరువాత కొంతకాలమునకు నేను కుప్పము ప్రాంతమునకు మారితిని. అటు తమిళ దేశము, ఇటు కన్నడ దేశము. ఏ వైపు మూసినను వేరొక వైపునుండి సీసా వచ్చు చోటు అది. ఒక సాయంకాలము త్రాగుడును గూర్చి మాటలాడుటకు చింతచెట్టు క్రింద కూర్చుంటిమి. సగముమంది మన సంఘపు స్త్రీలు, సగముమంది నుదుట బొట్టు గలవారు. ముగింపులో ఒక అవ్వ లేచి, "అయ్యగారూ, మీ ప్రార్థనలో మా కొడుకు పేరు చెప్పండి, తాగుడు మానాలని" అనెను. నేను ఆ పేరును, ఆమె చుట్టునున్న మరి కొందరు చెప్పిన పేర్లను చేర్చి ప్రార్థించి ఆమేన్ అంటిని.

అవ్వ కన్నులు తెరచి నన్ను చూచి, "మీ సంఘమోళ్ల పేర్లు చెప్పనే లేదే?" అనెను.

మరల కన్నులు మూసికొంటిమి.