మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానవనం

మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానవనం తమిళనాడు రాష్ట్రంలో తూత్తుకుడికి, రామేశ్వరానికి నడుమ ఉన్న రక్షిత సముద్ర ప్రాంతం. 21 చిన్న దీవులు, వాటిని చుట్టి ఉన్న లోతు తక్కువ జలాలు ఇందులో చేరి ఉన్నాయి. వైశాల్యం 560 చ.కి.మీ. పగడపు దిబ్బలకు, సముద్రపు ఆవులకు ఈ ప్రాంతం ప్రసిద్ధి చెందినది. తీరగ్రామాల ప్రజలు తరతరాలుగా ఈ జలాలపైనే ఆధారపడి జీవిస్తున్నందున, ప్రకృతి సంరక్షణకు, ప్రజల జీవనోపాధికి పొత్తు కుదర్చడం ఇక్కడ ప్రధాన సమస్యగా ఉన్నది.

చరిత్ర

ప్రాచీన కాలం నుండి ఈ సింధుశాఖ ముత్యాలకు, శంఖాలకు పేరుగాంచినది. ఇరవయ్యవ శతాబ్దంలో సున్నం కొరకు, కాల్షియం కార్బైడ్ తయారీ కొరకు పగడపు రాళ్ళను పెద్దయెత్తున త్రవ్వి తీశారు. అలల ఉధృతిని అడ్డుకొనే దిబ్బలు నశించడంతో విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు దీవులు కాలక్రమంలో నీట మునిగిపోయాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద 1986లో ఈ దీవులను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1989లో దీనితో సహా 10,500 చ.కి.మీ. సముద్రాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించారు. 2001లో ఇది యునెస్కో జాబితాలో చేరింది. పగడపు జీవులకు చట్టపరంగా పూర్తి రక్షణ లభించినది కూడా 2001లోనే.

జీవజాతులు

ఇక్కడ వందకు పైగా పగడపు జాతులు ఉన్నాయి. సముద్రగర్భంలో పెరిగే గడ్డి మైదానాలు సముద్రపు ఆవులకు ఆహారం. తాబేళ్ళు, సముద్ర దోసకాయలు, ముత్యపు చిప్పలు ఇతర ముఖ్య జీవులు. కురుసడై దీవి వద్ద లభించే బలనోగ్లాసస్ అనే పురుగువంటి ప్రాణి, వెన్నెముక లేని జీవులకు, వెన్నెముక గల జీవులకు ఉన్న సంబంధాన్ని తెలిసికొనడానికి ఉపకరిస్తుంది.

స్థానికుల జీవనోపాధి

జాతీయ ఉద్యానవన హద్దులలో చేపలవేట, సేకరణ నిషిద్ధం. ఈ నిషేధం వలన ఎక్కువగా నష్టపోయినవారు నాచు సేకరించే మహిళలు. వీరు దీవుల చుట్టూ నీటిలో మునిగి, అగార్, ఆల్జినేట్ తయారీకి ఉపయోగపడే నాచును చేతితో కోసి తెస్తారు. నిషేధం కఠినంగా అమలైన కొద్దీ, వంశపారంపర్యమైన వృత్తి నేరంగా మారింది. చాలామందికి వేరొక ఆధారం లేదు.

ఈ మహిళలు తమకు తామే కొన్ని కట్టుబాట్లు విధించుకున్నారు. నెలలో కొన్ని రోజులు మాత్రమే సేకరించడం, చేపలు గ్రుడ్లు పెట్టే కాలంలో పని మానివేయడం వీటిలో ముఖ్యమైనవి. వీరి నాయకురాలైన ఎం. లక్ష్మికి 2015లో సీకాలజీ పురస్కారం లభించింది.

2000లో ఏర్పడిన జీవావరణ పరిరక్షణ ట్రస్టు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహకారంతో, గ్రామ సంఘాలను ఏర్పరచి ప్రత్యామ్నాయ వృత్తులకు చిన్నమొత్తాల ఋణాలను అందించింది. కప్పాఫైకస్ అనే విదేశీ నాచు పెంపకం కూడా ఉపాధి మార్గంగా ఈ తీరంలో వ్యాపించింది. అయితే అది కురుసడై వద్ద పగడాలను కప్పివేస్తున్నట్లు 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. జీవనోపాధికై ఎంచుకొన్న మార్గమే సంరక్షణకు ఆటంకం కాగలదనడానికి ఇది నిదర్శనం.

పర్యాటకం

చాలా దీవులపై అడుగుపెట్టడానికి సామాన్య సందర్శకులకు అనుమతి లేదు. కొన్నిచోట్ల అడుగున గాజు అమర్చిన పడవలలో పగడాలను చూడవచ్చును. కనుక ఇక్కడ పర్యాటకుల వలన కలిగే నష్టం తక్కువ. అయితే పర్యాటకం ద్వారా లభించే ఉపాధి కూడా పరిమితమే. కోల్పోయిన వృత్తికి అది బదులు కాజాలదు.

ఫలితాలు, సమస్యలు

పగడపు రాళ్ళ త్రవ్వకం నిలిచిపోవడం ఈ ఉద్యానవనం సాధించిన ప్రధాన విజయం. కానీ సముద్రంలో గీచిన హద్దు వేడిమిని ఆపలేదు. నీరు మితిమీరి వేడెక్కినపుడు పగడపు జీవులు తమలో నివసించే సూక్ష్మ శైవలాలను కోల్పోయి తెల్లబడతాయి. 1998, 2010, 2016 సంవత్సరాలలో ఇక్కడ ఇట్లు జరిగి పగడాలు కొంతవరకు నశించాయి. తూత్తుకుడి వద్ద కోతకు గురవుతున్న వాన్ దీవిని కాపాడటానికి కాంక్రీటుతో కృత్రిమ దిబ్బలను నిర్మించారు.

యంత్రాలతో నడిచే ట్రాలర్ల వలలు సముద్రపు అడుగును ఊడ్చివేస్తాయి. వీటికి తూర్పు తీరమంతటా ఏటా వేట విరామం ఉన్నది. ఇది 61 రోజులు. చేతితో నాచు కోసే మహిళకు, ట్రాలరుకు హద్దులలో ఒకే నిషేధం వర్తించడం స్థానికుల ప్రధాన అభ్యంతరం.

దీనికి ఉత్తరాన పాక్ అఖాతంలో 2022లో సముద్రపు ఆవుల కొరకు 448 చ.కి.మీ. ప్రాంతాన్ని సంరక్షణ రిజర్వుగా ప్రకటించారు. ఈ తరహా రిజర్వును ప్రకటించే ముందు స్థానిక ప్రజలను సంప్రదించాలని చట్టం నిర్దేశిస్తుంది.

ఇవి కూడా చూడండి

పగడపు దిబ్బ
పాక్ జలసంధి
కోరింగ వన్యప్రాణి అభయారణ్యం