నడుము నొప్పి: చేతి వైద్యము నడచిన దారి

నడుము పట్టిన మనిషిని బోర్ల పరుండబెట్టి, వేడి నూనె రాసి, వెన్నుకు ఇరువైపుల బొటనవ్రేళ్ళతో ఒత్తుట మన ఇండ్లలో తరతరాలుగా ఉన్న వైద్యము. గోదావరిఖని వంటి గని పట్టణమున ఈ వైద్యముతో పని మరింత ఎక్కువ. అయితే ఈ ఒత్తుడు వలన నిజముగా మేలు కలుగునా? కలిగిన మేలు ఎంతకాలము నిలుచును? ఈ ప్రశ్నలకు చరిత్ర ఏమి సమాధానము చెప్పుచున్నదో చూతము.

చరక సంహితలో అభ్యంగనము దినచర్యలో ఒక భాగముగా చెప్పబడినది. పాట్నాలో 1759లో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ ఈ విద్యను ఇంగ్లండుకు కొనిపోయి, బ్రైటన్ పట్టణమున ఆవిరి స్నానములతో కూడిన మర్దనశాలను నడిపెను. నేడు మనము తలకు రాచుకొను ‘షాంపూ’ అను మాట ఒళ్ళు పట్టుట అను అర్థము గల హిందుస్థానీ ‘చాంపో’ నుండి పుట్టినదే.

ఐరోపాలో పేర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోములో వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. రోగి అవయవములను చేతితో కదలించు చికిత్స అచట ఒక పాఠ్యాంశమైనది. 1894లో లండనులో నలుగురు నర్సులు మర్దన నేర్చినవారి కొరకు సంఘము నేర్పరచిరి. ఆ దేశమున ఫిజియోథెరపీ వృత్తికి అదియే పునాది.

అదే కాలమున ఆస్ట్రేలియాలో ఫ్రెడరిక్ మథియాస్ అలెగ్జాండర్ అను రంగస్థల కళాకారునికి తరచు గొంతు పోవుచుండెను. అతడు అద్దము ముందు నిలిచి పరిశీలింపగా, మాట్లాడబోవునపుడెల్ల తాను తలను వెనుకకు లాగి మెడను బిగించుచున్నట్లు తెలిసినది. అతడు రూపొందించిన పద్ధతిలో గురువు కండరమును పిసుకడు. అనవసరముగా బిగిసిన చోటును తేలికగా తాకి చూపును. ఆ బిగింపును మానుట శిష్యుడు నేర్చుకొనును.

మర్దన బాధను తగ్గించును. శిక్షణ అలవాటును మార్చును. ఈ రెంటికి గల భేదమును ఇంగ్లండులో జరిగిన ఒక పెద్ద పరిశోధన లెక్కకు తెచ్చినది. దీర్ఘకాలముగా నడుము నొప్పితో బాధపడుచున్న 579 మందిపై జరిగిన ఆ పరిశోధన ఫలితములు 2008లో వెలువడినవి. ఒక సంవత్సరము తరువాత చూడగా, మామూలు చికిత్స పొందినవారు నాలుగు వారములలో 21 దినములు నొప్పి అనుభవించిరి. అలెగ్జాండర్ పాఠములు 24 నేర్చినవారికి అది 3 దినములే. ఇవి ఆయా వర్గముల మధ్యస్థ సంఖ్యలు. మర్దన పొందినవారికి పనిపాటలలో మూడు నెలలకు కనిపించిన సౌలభ్యము మాత్రము సంవత్సరము వరకు నిలువలేదు.

అట్లని తప్పంతయు మనిషి అలవాటుదేనా? స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960వ దశకమున వెన్నుపూసల మధ్య బిళ్ళలోనికి సూది పంపి ఒత్తిడిని కొలిచెను. పరుండినప్పటి కంటె నిలిచినపుడు అది సుమారు నాలుగు రెట్లు. నిలిచి ముందుకు వంగినచో ఇంకను సగము పెరుగును. చేత బరువున్నచో చెప్పనక్కరలేదు. అంతకు పూర్వమే, 1952లో, కెల్‌గ్రెన్, లారెన్సు అను వైద్యులు ఇంగ్లండు బొగ్గు గని కార్మికుల ఎక్స్‌రేలను పరిశీలించి, వారిలో ఈ బిళ్ళల అరుగుదల హెచ్చుగా నున్నదని చూపిరి.

సింగరేణి పొరలు చాలవరకు మందమైనవి. పైకప్పు తగులునని పాకుచు పని చేయనక్కరలేదు. కాని పారతో బొగ్గెత్తి, తట్ట మోసి, టబ్బు నింపిన ఫిల్లరు నడుము దినమునకు ఎన్ని మారులు వంగెనో ఊహింపుడు. 1975లో సింగరేణిలో ఓపెన్‌కాస్టు త్రవ్వకము మొదలైనది. క్రమముగా యంత్రములు తట్టను తొలగించినవి. అయితే డంపరు నడుపువాని నడుమునకు ఇప్పుడు వేరొక శత్రువు కలదు: గంటల తరబడి కుదుపు.

కనుక చేతి వైద్యము వ్యర్థము కాదు, సర్వరోగ నివారిణియు కాదు. మంచి చేయి బిగింపును సడలించును, సరిగా నిలుచుట, వంగుట నేర్పును. కాని బరువును తగ్గించుట, కుదుపును అణచు ఆసనమును అమర్చుట, నడుమ విశ్రాంతినిచ్చుట పని చేయించువారి బాధ్యత. ఇక కాలు తిమ్మిరెక్కి బలహీనపడినను, మూత్రము బిగిసినను ఒత్తించుకొనుచు జాగు చేయరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.